ఓర్చుకునే సిబ్బంది, కనపడని కొరత

మే 12న నర్సుల దినోత్సవం వచ్చిందంటే శ్రీకాకుళమైనా విజయనగరమైనా వేదిక మీద వినిపించే మాట ఒకటే: "మీ ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి." శాలువా కప్పుతారు, కేకు కోస్తారు, ఫొటోలు దిగుతారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు నైట్ డ్యూటీ దిగి ఇంటి ముఖం చూడకుండానే వచ్చుంటారు. ఇంకొందరు రెండు గంటలకల్లా మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాలి. ఆ పొగడ్తలో అబద్ధమేమీ లేదు. అయితే ఆ ఓర్పు ఎవరి ఒంటి మీద నడుస్తోందో, దాని చాటున ఏ లెక్క మరుగున పడిపోతోందో మాత్రం ఆ వేదిక మీద ఎవరూ మాట్లాడరు.

వైద్య సిబ్బంది గురించిన చర్చల్లో ఈ మధ్య రెండు మాటలు తెగ తిరుగుతున్నాయి. ఒకటి బర్నవుట్, అంటే పని ఒత్తిడితో మనిషి లోపల్నుంచి అరిగిపోవడం. రెండోది రెజీలియెన్స్, అంటే తట్టుకునే శక్తి. మొదటిది జబ్బు, రెండోది దానికి మందు అన్నట్టు మాట్లాడుతున్నారు. ఒక గంట యోగా, ఇంకో గంట మోటివేషన్ క్లాసు పెట్టేస్తే సిబ్బందికి తట్టుకునే శక్తి వచ్చేస్తుందని నమ్మకం. నాకు అర్థమైనంతలో వ్యవహారం ఇందుకు దాదాపు తిరగేసి ఉంది. సిబ్బంది ఎంత బాగా తట్టుకుంటే, వాళ్ల మీద పడుతున్న బరువు పైవాళ్లకు అంత తక్కువగా కనిపిస్తుంది. కనిపించని బరువును దించే ఆలోచన ఎవరికీ రాదు.

బర్నవుట్ అంటే అలసట ఒక్కటేనా?

ఈ మాటను ఇప్పటి అర్థంలో పత్రికలకెక్కించినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే న్యూయార్క్ మనస్తత్వవేత్త. 1974లో, పేదల కోసం నడిచే ఒక ఉచిత క్లినిక్‌లో తాను, తనతోటి వాలంటీర్లు ఎలా అయిపోతున్నారో గమనించి రాశాడు. ఏడుపుగొట్టు ముఖంతో పనికి వచ్చేవాళ్లకన్నా, ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువని అప్పుడే చెప్పాడు. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి దీన్ని కొలవడానికి 22 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో బర్నవుట్‌కు చోటుంది. అయితే రోగంగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా. పనిచేసేచోట చాలాకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగా చక్కబెట్టకపోవడం వల్ల వచ్చేదని అందులో రాశారు. జీవితంలోని ఇతర కష్టాలకు ఈ పేరు వాడకూడదని కూడా చెప్పారు. అంటే కారణం ఉన్నచోటు నిర్వచనంలోనే రాసి ఉంది. అయినా మనం ఇంకా మనిషిలోనే వెతుకుతున్నాం.

దానికి మూడు ముఖాలున్నాయి. మొదటిది, ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టుండే అలసట. ఒక ఆదివారం పడుకుంటే పోయేది కాదు. డ్యూటీకి బయల్దేరకముందే, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుండగానే మొదలైపోతుంది. రెండోది, పని నుంచి మనసు దూరం జరగడం. వార్డులో దీన్ని పట్టుకోవడం తేలికే. మొన్నటిదాకా "పాలకొండ తాత" అయిన మనిషి ఇవాళ "పన్నెండో బెడ్డు" అవుతాడు. నంబరుతో పిలిస్తే తప్పేం లేదు, పనిలో అది అవసరమే. కాకపోతే ఆ పన్నెండో బెడ్డుకు ఒక ఇల్లుందనీ, బయట వరండాలో అతని ముసలామె తువ్వాలు పరుచుకుని మూడ్రోజులుగా పడుకుంటోందనీ గుర్తుకు రావడం ఆగిపోతుంది. చూసేవాళ్లు దీన్ని పొగరంటారు. నిజానికి అన్ని బాధలూ మోయలేక మనసు తలుపులు వేసేసుకోవడం అది. మూడోది, "నేను చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే" అన్న నిస్పృహ. సామాన్లు, స్పెషలిస్టులు లేని చిన్న ఆసుపత్రుల్లో అన్నిటికన్నా ముందు వచ్చేది ఇదేనేమోనని నా అనుమానం.

డిప్రెషన్ వేరు. బర్నవుట్ పని చుట్టూనే తిరుగుతుంది. సంక్రాంతికి ఊరెళ్తే మనిషి మళ్లీ నవ్వగలుగుతుంది, తిరుగు బస్సు ఎక్కగానే గుండె బరువెక్కుతుంది. డిప్రెషన్ వచ్చిన మనిషికి పండగా పట్టదు, పిల్లల ఆటా పట్టదు. మొదటిది ముదిరి రెండోదానిలోకి జారే ప్రమాదం ఉంది కాబట్టి రెంటినీ కలిపేయడం ఎంత తప్పో, పూర్తిగా విడగొట్టడం కూడా అంతే తప్పు.

ఇంకో జాగ్రత్త. "ఇంత శాతం డాక్టర్లకు బర్నవుట్" అన్న హెడ్డింగులను గుడ్డిగా నమ్మొద్దు. 2018లో ఒక అమెరికన్ వైద్య పత్రిక డాక్టర్ల మీద జరిగిన 182 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూస్తే, బర్నవుట్‌ను 142 రకాలుగా నిర్వచించినట్టు తేలింది. అందుకే ఒకచోట సున్నా శాతం, ఇంకోచోట 80.5 శాతం వచ్చాయి. మన జిల్లాల గురించి ఎవరైనా ఒక శాతం పట్టుకొస్తే, ఏ కొలతతో కొలిచారని ముందు అడగాలి.

ఒక కుర్చీకి ఎంతమంది కావాలి?

శాతాలను పక్కన పెట్టి చేతి వేళ్ల మీద లెక్కేద్దాం. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుల డ్యూటీలు పొద్దున్న ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది. వార్డులో ఒక్క నర్సు కుర్చీ ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉండాలంటే వారానికి 168 గంటలు నిండాలి. మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తుందనుకుంటే మూడున్నర మంది కావాలి. సెలవులు, ప్రసూతి, ట్రైనింగులు, కోర్టు సాక్ష్యాలకు ముప్పై శాతం కలిపితే నాలుగున్నర మంది. అంటే ఒక నర్సు తగ్గితే వార్డులో తగ్గేది ఒక డ్యూటీ కాదు, వారానికి 48 గంటలు. అవి ఎక్కడికీ పోవు. మిగిలినవాళ్ల ఆఫ్‌ల మీద, నిద్ర మీద వచ్చి పడతాయి.

కొలతలు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. జనరల్ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, అంటే షిఫ్టుకు తొమ్మిదిమందికి ఒకరు, పైన ముప్పై శాతం సెలవుల కోసం అన్న లెక్క దశాబ్దాల నుంచీ కాగితాల మీద ఉంది. ఆ లెక్కన ముప్పై పడకల వార్డులో రాత్రిపూట ముగ్గురికి తగ్గకూడదు. మీ బంధువు ఎవరైనా అడ్మిట్ అయినప్పుడు రాత్రి పదింటికి ఒకసారి తలెత్తి చూడండి. ఎంతమంది నర్సులున్నారో, మంచాలెన్నో, నేల మీద పరుపులెన్నో మీరే లెక్కపెట్టండి.

తేడా వస్తే ఏమవుతుందో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. నర్సు చూడాల్సిన రోగుల సంఖ్య ఒకటి పెరిగేకొద్దీ, ఆపరేషన్ అయిన రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు బర్నవుట్ అయ్యే అవకాశం 23 శాతం చొప్పున పెరిగాయి. ఒకే లెక్కలో రోగి ప్రాణమూ ఉంది, నర్సు మనసూ ఉంది. అందుకే దీన్ని సిబ్బంది సంక్షేమం అన్న శీర్షిక కింద తోసేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు డ్యూటీ రిజిస్టర్ తెరిచి చూద్దాం. ఏ గడీ ఖాళీగా ఉండదు. హెడ్ నర్సు ఎవరో ఒకరి కాళ్లా వేళ్లా పడి, "ఈ ఒక్కసారికి కంటిన్యూ చేసెయ్ అమ్మా" అని బతిమాలి గడి నింపేస్తుంది. ఒకే పేరు వరసగా రెండు గడుల్లో ఉంటుంది, లేదా ఆఫ్ అని రాసి కొట్టేసి ఉంటుంది. పైనుంచి చూసేవాళ్లకు మాత్రం వార్డు నడుస్తోంది. నడుస్తున్న వార్డుకు కొత్త పోస్టు ఎందుకు? కొరత ఉన్నట్టు రుజువు కావాలంటే ఒక రాత్రి వార్డు ఆగిపోవాలి. నర్సులు ఆగనివ్వరు, మనిషి ప్రాణం కదా. నా వాదనంతా ఈ గడిలోనే ఉంది. ఆ ఓర్పే కొరతకు ముసుగు వేస్తోంది.

రాత్రి ఎనిమిది దాటాక

ఒక మెడికల్ వార్డులో డ్యూటీ మారే వేళను దగ్గర్నుంచి చూస్తే గానీ ఈ బరువు అర్థం కాదు. ఆమదాలవలస నుంచో పొందూరు నుంచో బస్సు దిగి ఎనిమిదికి పది నిమిషాల ముందు నర్సు వస్తుంది. ఇంట్లో వంట చేసి, పిల్లలకు టిఫిన్ పెట్టి బయల్దేరిన మనిషి. దిగిపోవాల్సిన నర్సుకూ బస్సు టైమైపోతోంది. కేస్ షీట్ల కట్ట మధ్యలో పెట్టుకుని నిలబడే మాట్లాడుకుంటారు. ఏడో బెడ్డు సెలైన్ ఇంకో బాటిల్, పదకొండు పొద్దున్న స్కాన్‌కి, పద్దెనిమిదికి రక్తం ఎక్కుతోంది చూసుకో. ఈ మాటల మధ్యలోనే ఒక అటెండెంట్ వస్తాడు. "ఏటి సిస్టరమ్మా, ఇందాకట్నుంచీ పిలుస్తన్నాను, పలకవేటి?" అతని తప్పూ లేదు. అతనికి కనిపించేది వాళ్ల నాన్న ఒక్కడే.

తొమ్మిదిన్నరకు క్యాజువాల్టీ నుంచి పురుగుమందు తాగిన కుర్రాడు వస్తాడనుకోండి. ఇంట్లో గొడవ, పొలంలో డబ్బా. ఇలాంటి కేసులు మన పల్లెలకు కొత్తేం కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందైతే అట్రోపిన్ అనే విరుగుడు ఇస్తూ అయిదేసి నిమిషాలకు ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, నాడి ఎంతుంది, కనుపాపలు ఎలా ఉన్నాయి అని చూసుకుంటూ, తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. నోట్లో నురగ లాగేస్తుండాలి. అట్రోపిన్ ఎక్కువైతే మతి తప్పి మంచం మీంచి దూకబోతాడు, పట్టుకోవాలి. హౌస్ సర్జన్ ఒక పక్క, నర్సు ఒక పక్క. ఒక్క మనిషికి ఒక నర్సు పూర్తిగా అంకితం కావాల్సిన పని ఇది. అదే టైములో మిగతా ముప్పైమందిలో ఒకరికి షుగర్ పడిపోవచ్చు, ఒకరి సెలైన్ ఆగిపోవచ్చు.

తెల్లారేసరికి కుర్రాడు గండం గట్టెక్కుతాడు. పొద్దున్న రౌండ్స్‌లో వచ్చే ప్రశ్న: "ఇరవయ్యో బెడ్డు చార్ట్ ఎందుకు ఫిల్ చేయలేదు?" ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే ఆ రాత్రి చేసిన పనికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు, చేయలేకపోయినదానికి మాత్రం ఉంది. బర్నవుట్ మూడో ముఖం తయారయ్యేది ఇక్కడే. ఎనిమిదికి దిగాల్సిన మనిషి రిలీవర్ కోసం, ఆన్‌లైన్ ఎంట్రీల కోసం తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి వెలిగిస్తుంది.

ప్రైవేటు నర్సింగ్ హోముల్లో పరిస్థితి ఇంకో రకం. పన్నెండేసి గంటల డ్యూటీ, చేతికొచ్చేది తక్కువ. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన కేంద్ర కమిటీ, యాభై పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఎన్ని వీధుల్లో అమలైందో ఎవరి ఊళ్లో వాళ్లకు తెలుసు.

ఉద్దానంలో రోజూ కనిపించే ముఖాలు

అలసట అంతా పరుగుల వల్లే రాదు. డయాలిసిస్ యూనిట్ చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటుంది. ఏసీ, వరస మంచాలు, యంత్రాల సన్నని మోత. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఇళ్లకిళ్లను పట్టి పీడిస్తోంది. కొబ్బరి, జీడి తోటల మధ్య కష్టం చేసుకునేవాళ్లే ఎక్కువమంది. అసలు కారణం ఏమిటన్నది ఇప్పటికీ పరిశోధనలోనే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీరు కూడా తెచ్చారు. మంచి పనులే.

ఆ యూనిట్లలో పనిచేసే టెక్నీషియన్, నర్సు సంగతి చూడండి. ఒక్కో రోగికి ఒక్కో సిట్టింగు దాదాపు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. రాగానే బరువు చూస్తారు, మొన్నటికీ ఇవాళ్టికీ ఎంత నీరు చేరిందో లెక్క. "మళ్లీ పచ్చడన్నం తిన్నావా మావా?" అని మందలింపు. చేతి మీద ఫిస్టులాలో (డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోట) సూది ఎక్కడ గుచ్చితే నొప్పి తక్కువో ఆ నర్సుకు కంఠతా వచ్చు. ఇలా నెలలు, ఏళ్లు గడుస్తాయి. కూతురి పెళ్లి కబుర్లు, జీడిపిక్కల ధర, అన్నీ నడుస్తాయి. ఒక మంగళవారం ఆ మంచం మీదకు కొత్త మనిషి వస్తాడు. పక్క మంచమాయన అడుగుతాడు, "ఆడేడి, రాలేదేటి?" జవాబు అందరికీ తెలుసు. నర్సు యంత్రం కడిగి, కొత్త పేరు రాసుకుని, సూది తీస్తుంది. క్యాజువాల్టీలో చావు ముక్కూ ముఖం తెలియని మనిషిది. ఇక్కడ చనిపోయేవాళ్లు దాదాపు చుట్టాలు. ఆ దుఃఖానికి ఒక్క పూట సెలవు లేదు, పది నిమిషాలు కూర్చుని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఇలాంటి యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఓర్పు మీద క్లాసు పీకడానికి నాకైతే నోరు రాదు.

ఇంకో రకం బరువు సీతంపేట, పాలకొండ, పార్వతీపురం వైపు కనిపిస్తుంది. కొండ మీది నుంచి డోలీలో దింపి, అక్కడి నుంచి 108లో తెచ్చిన బాలింతకు ఏం చేయాలో డ్యూటీ డాక్టరుకు తెలుసు. మత్తు డాక్టరు ఉండడు, రక్తం ఉండదు, లేదా వెంటిలేటరు ఉండదు. కేస్ షీటు మీద రిఫర్ అని రాయాలి. అక్కడి నుంచి శ్రీకాకుళమో విజయనగరమో, అక్కడా కుదరకపోతే విశాఖ కేజీహెచ్. శ్రీకాకుళం నుంచి విశాఖకే వంద కిలోమీటర్ల పైమాట. బంధువుల కళ్లకు ఆ డాక్టరు చేతులు దులుపుకున్నవాడు. తన కళ్లకు తాను ఇంకా హీనం. చేయాల్సింది తెలిసీ చేయలేని ఈ స్థితికి వేరే పేరుంది. వియత్నాం యుద్ధ సైనికులతో పనిచేసిన జొనాథన్ షే వాడిన 'మోరల్ ఇంజ్యురీ' (మనస్సాక్షికి తగిలే గాయం) అన్న మాటను వెండీ డీన్, సైమన్ టాల్బట్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు 2018లో వైద్యులకు అన్వయించారు. మీరు బర్నవుట్ అంటున్నది నిజానికి ఇదేనని వాదించారు. అలసటైతే విశ్రాంతితో తగ్గుతుంది, ఈ గాయం తగ్గదు. ఆ ఆసుపత్రికి మత్తు డాక్టరు వస్తే తగ్గుతుంది.

రిఫర్ అన్న మాట చుట్టూనే గొడవలు కూడా. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు వేయగల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఉంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టరు హత్యాచారం తర్వాత దేశమంతటా డాక్టర్లు రోడ్డెక్కారు. చట్టం ఉన్నా రాత్రి రెండింటికి వార్డులో ముందు నిలబడేది పాతికేళ్లు నిండని హౌస్ సర్జన్, స్టాఫ్ నర్సే.

పెద్ద ప్రమాదం రోజున ఎవరూ కుంగిపోరు

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు, గాయపడ్డవాళ్లను విజయనగరం ప్రభుత్వాసుపత్రికి తరలించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడూ అంతే, కరెంటు లేని రోజుల్లోనూ వైద్యం నడిచింది. అలాంటి రాత్రుల్లో సిబ్బంది పనితీరు చూసి, "వీళ్లు ఇంతైనా చేయగలరు, మరి మామూలు రోజుల్లో ఏమొచ్చింది?" అనేవాళ్లున్నారు.

ప్రశ్న పైకి తెలివిగానే ఉంటుంది. పెద్ద ప్రమాదం జరిగిన రాత్రి ఆఫ్‌లో ఉన్నవాళ్లూ వచ్చేస్తారు. స్ట్రెచర్లు, రక్తం, మందులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తాయి. అధికారులు అక్కడే నిలబడి అడిగింది అడిగినట్టు ఇప్పిస్తారు. పని భారం పెరుగుతుంది గానీ దానికి సరిపడా మనుషులు, సామాన్లు, పై అధికారుల అండ కూడా పెరుగుతాయి. చేసిన పని ఫలితం కళ్లముందు ఉంటుంది. మాస్లాక్, మైఖేల్ లైటర్ తర్వాతి కాలంలో చెప్పిందీ దాదాపు ఇదే. పని భారంతో పాటు, తన పని మీద తనకున్న పట్టు, దక్కే గుర్తింపు, తోటివాళ్ల తోడు, న్యాయం, విలువలు, ఈ ఆరింట్లో మనిషికీ ఉద్యోగానికీ ఎంత పొంతన కుదరకపోతే బర్నవుట్ అంత దగ్గరవుతుంది. ప్రమాదం రాత్రి భారం ఒక్కటే ఎక్కువ, మిగతావి కుదురుతాయి. మామూలు మంగళవారం రాత్రి ఆరూ ఒకేసారి చెడిపోయి ఉండొచ్చు, పైగా అది వారం వారం వస్తుంది.

తట్టుకునే శక్తి నిజంగా కాపాడుతుందా అంటే, కొంతవరకు. 2020లో అమెరికాలో అయిదువేల పైచిలుకు డాక్టర్లతో జరిగిన సర్వేలో, మామూలు ఉద్యోగులకన్నా డాక్టర్లకే ఈ శక్తి ఎక్కువని తేలింది. శక్తి ఎక్కువున్నవాళ్లలో బర్నవుట్ తక్కువే. అయితే ఆ కొలతలో నూటికి నూరు మార్కులు వచ్చిన డాక్టర్లలో కూడా 29 శాతం మంది బర్నవుట్‌లో ఉన్నారు. ఇక వాళ్లకు ఏ క్లాసు పెడతాం?

ఒంటికీ ఒక హద్దుంది. 24 గంటలు నిద్రపోకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని 1997 నాటి ప్రయోగం చూపించింది. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. బోస్టన్‌లో ఐసీయూ ఇంటర్న్‌ల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, 24 గంటలు దాటిన డ్యూటీలున్న పాత పద్ధతిలో, డ్యూటీ గంటలు తగ్గించిన పద్ధతిలో కన్నా, తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ. మన దగ్గర రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించకూడదంది. వారంలో ఒక రోజు సెలవిచ్చి చూస్తే రోజుకు పన్నెండు గంటల పైన. ముప్పై రెండేళ్ల తర్వాత హద్దు 26 గంటలు పెరిగింది. దాన్నే సంస్కరణ అనుకోవాల్సి వస్తోందంటే అసలు పని గంటలు ఎన్నో ఊహించుకోవచ్చు.

మరి ఏం పనిచేస్తుంది?

ధ్యానం, కౌన్సెలింగ్ లాంటివి దండగ అనడం లేదు. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్షలో ఇలాంటివీ, డ్యూటీ మార్పులూ అన్నీ కలిపి చూస్తే బర్నవుట్ 54 శాతం నుంచి 44 శాతానికి తగ్గింది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో సమీక్ష, మనిషిని మార్చే ప్రయత్నాలకన్నా పనిచేసే పద్ధతిని మార్చే ప్రయత్నాలకే ఫలితం ఎక్కువని చూపించింది. ఆశ్చర్యం ఏముంది? ఈ క్లాసులను కూడా నైట్ డ్యూటీ దిగినవాళ్లకు పొద్దున్న పదింటికి పెడతారు, హాజరు తప్పనిసరి అంటారు. వాళ్లకు కావాల్సింది ఆ గంట నిద్ర.

కొత్త పోస్టులు రాష్ట్రస్థాయిలో తేలాల్సిన విషయం. అవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. డ్యూటీ చార్టు నెల ముందే ఇవ్వొచ్చు. ఏ రోజు ఇంట్లో ఉంటుందో తెలిస్తే మనిషి పిల్లవాడి స్కూలు మీటింగుకు మాట ఇవ్వగలదు, జీవితం మీద ఆ మాత్రం పట్టు దొరుకుతుంది. నైట్ తర్వాతి ఆఫ్‌ను ఆఫ్‌గానే ఉంచొచ్చు. డ్యూటీ మారేటప్పుడు పావుగంట కూర్చుని అప్పజెప్పుకునే వీలు కల్పించొచ్చు. ఒకే వివరాన్ని రిజిస్టర్‌లో ఒకసారి, ఆన్‌లైన్‌లో ఒకసారి, వాట్సాప్ గ్రూపులో ఇంకోసారి పంపమనడం ఆపొచ్చు. చివరిది మాత్రం పైసా ఖర్చు లేనిది, అయినా అన్నిటికన్నా కష్టమైనది ఇదేననిపిస్తుంది, ఎందుకంటే ఒక్కో నివేదిక వెనక ఒక్కో ఆఫీసు ఉంది.

అటెండెంట్లతో మాట్లాడే మనిషి ఒకరుండాలి. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 నుంచీ మనకు ఆరోగ్యమిత్రలు తెలుసు. కార్డు ఉందా, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అనుమతి వచ్చిందా అన్న ప్రశ్నలన్నీ డాక్టరు దాకా రాకుండా వాళ్లే చూసుకుంటారు. పథకం కేసులకు ఉన్న ఆ సౌకర్యం రాత్రి క్యాజువాల్టీలోనూ, మెడికల్ వార్డు గుమ్మంలోనూ ఉంటే, "మా నాన్నకు ఏమైంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఒకరుంటే, సగం గొడవలు గొంతు లేవకముందే సద్దుమణుగుతాయి. చావు కబురు చెప్పేటప్పుడు హౌస్ సర్జన్‌ను ఒంటరిగా పంపకూడదు. ఒక సీనియర్ పక్కన నిలబడితే చాలు.

తోటివాళ్ల తోడు గురించి ఒక మాట. తట్టుకునే శక్తి ఎక్కడైనా ఉందంటే అది మనిషి గుండెలో కన్నా వార్డు టీ బల్ల దగ్గరే ఎక్కువగా ఉంటుంది. "ఆ కేసులో నువ్వు చేయగలిగిందంతా చేశావు అక్కా" అని ఇంకో నర్సు చెబితే ఉండే బలం, బయటి నుంచి వచ్చిన ట్రైనర్ ఎంత బాగా చెప్పినా రాదు. అయితే కాంట్రాక్టు ఒకరు, రెగ్యులర్ ఒకరు, అవుట్‌సోర్సింగ్ ఒకరు అయినచోట, ఒకే పనికి మూడు జీతాలు, మూడు రకాల సెలవులు ఉన్నచోట ఆ బల్ల దగ్గర అందరూ కూర్చోరు. న్యాయం అన్న అంశాన్ని ఆ ఆరింట్లో ఎందుకు చేర్చారో అక్కడ తెలుస్తుంది.

ఇప్పటికే మునిగిపోతున్నవాళ్లు వ్యవస్థ మారేదాకా ఆగలేరు. నిద్ర పట్టకపోవడం, సెలవు రోజున కూడా ఏదీ రుచించకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం రెండు వారాలు దాటి ఉంటే అది పని అలసట హద్దు దాటిందని అర్థం, సైకియాట్రిస్టును కలవాలి. చచ్చిపోదామన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే. తాను పనిచేసే ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ముందు చీటీ పట్టుకుని కూర్చోవాలంటే స్టాఫ్ నర్సుకు ఎంత ఇబ్బందో తెలుసు, రోగుల ముందు, తోటివాళ్ల ముందు. అలాంటప్పుడు 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక సూపరింటెండెంట్లు నెలనెలా జరిపే సమీక్షల సంగతి. ప్రసవాలెన్ని, ఆపరేషన్లెన్ని, ఓపీ ఎంత, మరణాలెన్ని అని అడుగుతారు. ఈ నెల ఎన్ని ఆఫ్‌లు రద్దయ్యాయి, ఎంతమంది వరసగా రెండు డ్యూటీలు చేశారు అన్న రెండు కాలమ్‌లు కూడా ఆ కాగితంలో చేరిస్తే, హెడ్ నర్సు ఇన్నాళ్లూ బతిమాలి నింపిన గడులు మొదటిసారి అంకెలుగా జిల్లా కలెక్టర్ ముందుకు వెళ్తాయి. దానికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. డ్యూటీ రిజిస్టర్‌లో ఆ వివరాలు ఇప్పటికే ఉన్నాయి.